అరచేతిలో ఫార్టీ ఫోర్

అమెరికా నుంచి శ్రీకాకుళం వచ్చి మూడు రోజులైంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఇంకా కందే ఉంది.

టెక్సాస్‌లో అల్లుడు షూటింగ్ రేంజికి తీసుకెళ్లి స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 29 రివాల్వర్ చేతికిచ్చాడు. పాయింట్ 44 మాగ్నం అనే జోరైన తూటాలది. కిలో పైమాటే! ఇంత బరువేంటని విసుక్కున్నాను. ఒక్క గుండు పేలాక తెలిసింది, కాస్తయినా కాచింది ఆ బరువేనని. గొట్టం పిడికిలి కన్నా ఎత్తులో ఉంటుందిగా, దెబ్బకి దాని మూతి పైకి లేచింది. పిడికి రెండు పక్కలా నున్నటి చెక్క, వెనక మాత్రం ఉత్త ఇనుమే. అదే వచ్చి గుద్దింది.

"మావయ్యా, బొటనవేలు సిలిండర్ ముందుకి పోనివ్వకండి, దానికీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి గ్యాస్ కొడుతుంది" అని అల్లుడు అరుస్తూనే ఉన్నాడు. తర్వాత వెనక్కూడా కప్పే రబ్బరు పిడి ఉన్నది ఇచ్చి, అందులో జోరు తక్కువుండే 44 స్పెషల్ తూటాలు వేశాడు. మాగ్నం రివాల్వర్‌లో అవీ పడతాయట. హమ్మయ్య, ఎంత హాయో! అయినా ఆరింట్లో రెండే కాగితానికి తగిలాయి. మా అమ్మాయి ఆరూ కొట్టింది, అది వేరే బాధ.

పొద్దున్న నాగావళి గట్టు మీద మిత్రుడు చెయ్యి చూసి, "ఏటి బావా, పలాసెళ్లి జీడిపిక్కలు గాని కొట్టావేటి?" అన్నాడు.

అవునన్నాను.