ఒక్క బిట్ తప్పిన బీబీసీ మైక్రో

బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన పాఠశాలలకు చేరిన కంప్యూటర్లు బ్రిటన్‌లోని ఎకార్న్ సంస్థ తయారుచేసిన బీబీసీ మైక్రోలు. విజయనగరంలో ఒక పాఠశాల వారు పాత సామాన్లతో పాటు వదిలించుకోబోయిన అటువంటి యంత్రం ఒకటి నా చేతికి వచ్చింది. సప్లై పెట్టెలోని పాత కెపాసిటర్లు పొగ కక్కడం వీటిలో మామూలే కాబట్టి, ముందు వాటిని మార్చి, అయిదు వోల్టులు నిలకడగా వస్తున్నాయని చూసుకున్నాకే టీవీకి కలిపాను.

తెర నిండా ఆశ్చర్యార్థకాలే కనిపించాయి. పై వరుసలో బీబీసీ అని ఉండవలసిన చోట సీసీసీ అని ఉంది. కంప్యూటర్ అనే మాటలో పీ క్యూగా, టీ యూగా, ఆర్ ఎస్‌గా మారాయి. 32కే కాస్తా 33కే అయింది. చూడడానికి గజిబిజిగా ఉన్నా దీనికో లెక్క ఉంది. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ సంకేతాల్లో ఖాళీ చోటు 32, ఆశ్చర్యార్థకం 33. బీ 66, సీ 67. సరి సంఖ్యలన్నీ ఒకటి చొప్పున పెరిగాయి, బేసి సంఖ్యలైన సీ, ఓ, ఎమ్ చెక్కుచెదరలేదు. అంటే ఈ సంఖ్యను 0, 1లుగా దాచే ఎనిమిది బిట్లలో సరి, బేసి తేల్చే అట్టడుగు బిట్ ఎప్పుడూ 1గానే ఉండిపోతోంది.

ఈ యంత్రంలోని 32 కిలోబైట్ల మెమరీ పదహారు చిప్‌లలో ఉంటుంది. కింది 16 కిలోబైట్లకు ఎనిమిది, పై వాటికి ఎనిమిది, బిట్‌కొక చిప్ చొప్పున. యంత్రం మొదట చూపే మోడ్ 7 అనే తెరలోని అక్షరాలు మెమరీ పై సగంలోని చివరి కిలోబైటులో ఉంటాయి. మెమరీ కింది సగం చెడి ఉంటే యంత్రం ఇంతదూరం వచ్చేదే కాదు. కనుక అనుమానం ఒకే ఒక్క చిప్ మీదికి పోతుంది. అయితే మెమరీకీ అక్షరాలు గీసే టెలిటెక్స్ట్ చిప్‌కూ మధ్యనున్న, విలువను క్షణకాలం పట్టి ఉంచే లాచ్ అనే చిప్‌లో అదే బిట్ చెడినా తెర సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. పనిముట్లు తీయకముందు తేల్చుకోవలసింది ఇదే.

బేసిక్ భాషలో మెమరీని చదివి అచ్చు వేయిస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, 32 అని వచ్చినా ఆ తెర మీద 33గానే కనిపిస్తుంది. అందుకే జవాబును శబ్దంగా అడిగాను. బేసిక్ తన తాత్కాలిక విలువలు దాచే స్టాక్‌ను కూడా తెర మెమరీకి దిగువన, ఆ చెడిన సగంలోనే పెట్టుకుంటుంది కాబట్టి ముందుగా బేసిక్ వాడుకునే మెమరీకి పై హద్దైన హైమెమ్‌ను 12288కి దించి, 24576వ చిరునామాలో 32 రాసి, తిరిగి చదివితే 33 వచ్చినప్పుడు వీడీయూ 7 అనే ఆదేశంతో కూత పెట్టమన్నాను. కూత వినిపించింది, అంటే తప్పు మెమరీలోనే ఉంది, లాచ్ నిర్దోషి.

టీవీలు బాగుచేసే మిత్రుడొకరు "పదహారూ మార్చేయండి మాస్టారూ, గొడవ వదిలిపోద్ది" అన్నారు. చిప్‌కు పదహారు చొప్పున అది 256 కాళ్ల టంకం కరిగించే పని. పాత బోర్డు మీద రాగి గీతలు లేచిపోతే అసలు లోపం కన్నా పెద్ద లోపం తెచ్చుకున్నట్టే. మంచి చిప్‌ను పైన అతికించి చూసే పద్ధతీ ఇక్కడ నమ్మదగినది కాదు. చెడిన చిప్ 1ని గట్టిగా పట్టుకుని ఉంటే రెండూ ఒకే తీగ కోసం పెనుగులాడతాయి.

6502 ప్రాసెసర్ 33వ కాలు అట్టడుగు బిట్‌ది. అక్కడినుంచి మధ్యలో సంకేతాలను అందించే బఫర్ చిప్ దాటి మల్టీమీటరుతో వెతుకుతూ పోతే మెమరీ చిప్‌ల 14వ కాళ్లు రెండు దొరికాయి. వాటిలో పై సగానిది ఏదో సర్క్యూట్ పటం చూసి నిర్ధారించుకున్నాను. దాని కాళ్లను ముందే కత్తిరించి, ఒక్కొక్కటిగా ఊడదీసి, సాకెట్ వేసి, అదే రకం 4816 చిప్ అమర్చాను. వేడి పెరిగితే, బిట్లను ఛార్జిగా దాచే ఇటువంటి డైనమిక్ మెమరీలో ఛార్జి త్వరగా కారిపోతుంది కాబట్టి, బిట్లు ఒకటి విడిచి ఒకటి 1గా ఉండే 85, 170 అంకెలను మార్చి మార్చి రాసి చదివే పరీక్షను మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆపి నడిపాను. ఒక్క తప్పూ రాలేదు. మిగిలిన పదిహేనింటి జోలికి పోలేదు.