రోమా 16:17 – ఎవరినుండి తొలగిపోవాలి?

“సహోదరులారా, మీరు నేర్చుకొనిన బోధకు వ్యతిరేకముగా భేదములను ఆటంకములను కలుగజేయు వారిని కనిపెట్టియుండుడని మిమ్మును బతిమాలుకొనుచున్నాను. వారిలోనుండి తొలగిపోవుడి.” – రోమా 16:17

ఈ వచనం ఈ మధ్య రెండు కరపత్రాల మీద కనిపించింది. ఒకటి మా సంఘంలో ప్రెసిడెంటు గారి వర్గం పంచింది, రెండోది సెక్రటరీ గారి వర్గం పంచింది. పైన అచ్చువేసిన వచనం ఒకటే, కింద ఎవరినుండి తొలగిపోవాలో ఆ పేర్లే వేరు. మాది ఉత్తర చెన్నైలో ఓ చిన్న తెలుగు లూథరన్ సంఘం. పెరంబూరు రైల్వే వర్క్‌షాపులకీ బిన్నీ మిల్లుకీ పనికొచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన గుంటూరు, నెల్లూరు వైపు కుటుంబాలే ఎక్కువ. మేం చేరి ఉన్న సినడ్ (కొన్ని సంఘాలు కలిసిన సమాఖ్య) కూడా చిన్నదే. దానికిప్పుడు ఇద్దరు అధ్యక్షులు, రెండు లెటర్‌హెడ్లు, రెండు రబ్బరు స్టాంపులు. లూథర్ మొదలుపెట్టిన సంఘ సంస్కరణను గుర్తుచేసుకునే సంస్కరణ పండుగ దగ్గరపడుతోంది. ఈ ఏడు ఆ ఆరాధన మా వాళ్ళు రెండు చోట్ల చేసుకోబోతున్నారు. అందుకే ఈ వచనాన్ని కాస్త నిదానంగా చదువుదామని రాస్తున్నాను.

ఇది ఏ అధ్యాయంలో ఉందో ముందు చూడండి. రోమా 16 నిండా వందనాలే. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, మరియ, ఇలా ఇరవైకి పైగా పేర్లు. రూఫు తల్లి దగ్గరికి వచ్చేసరికి “ఆమె నాకును తల్లి” అంటాడు పౌలు. ఒకరికొకరు వందనాలు చేసుకోమని చెప్పిన వెంటనే ఈ హెచ్చరిక వస్తుంది. అది అయిపోగానే మళ్ళీ వందనాలు: తిమోతి, లేఖను చేత్తో రాసిపెట్టిన తెర్తియు, ఇంట్లో చోటిచ్చిన గాయి. మనుషుల్ని ఇంత దగ్గరగా ఎరిగినవాడు, ఒక్కరిని కూడా పోగొట్టుకోవడం ఇష్టంలేనివాడు రాసిన “తొలగిపోవుడి” ఇది. రెండు అధ్యాయాల ముందే, మాంసం తినేవాళ్ళకీ కూరగాయలే తినేవాళ్ళకీ మధ్య తగువు వస్తే “నీవు నీ సహోదరునికి తీర్పు తీర్చనేల?” అని అడిగింది కూడా ఈ పౌలే. ప్రతి తేడాకీ విడిపొమ్మని ఆయన చెప్పలేదు. విడిపోవడానికి ఒక కొలత పెట్టాడు: మీరు నేర్చుకొనిన బోధ.

అలాగని “ఇవన్నీ ఎందుకండీ, ప్రేమ ఉంటే చాలు కదా” అనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. బోధ ముఖ్యమే. 1529లో మార్‌బుర్గ్‌లో జర్మనీ సంస్కర్త లూథర్, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పుకున్నారు. పదిహేనోదైన ప్రభు రాత్రి భోజనం దగ్గర మాత్రం, క్రీస్తు శరీరం అక్కడ నిజంగా ఉందా లేదా అన్న మాట మీద ఆగిపోయారు. లూథర్ బల్ల మీద సుద్దతో “ఇది నా శరీరము” అని రాసుకుని ఆ మాట మీదే నిలబడ్డాడు. రాజకీయంగా చూస్తే ఆ రోజు ఇద్దరూ కలవడమే లాభం. అయినా కలవలేదు. ఆ మొండితనాన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే అక్కడ ఎవరి కుర్చీ ప్రసక్తీ లేదు.

రోమా 16:17 మీదే వాదించుకుని విడిపోయిన లూథరన్లు కూడా ఉన్నారు. అమెరికాలో 1872 నుంచి సినాడికల్ కాన్ఫరెన్స్ అనే కూటమిలో కలిసి ఉన్న మిస్సోరీ సినడ్, విస్కాన్సిన్ సినడ్‌ల మధ్య, వేరే బోధ చెప్పే లూథరన్లతో సహవాసం ఎంతవరకు పెట్టుకోవచ్చు అన్న ప్రశ్న చాలా ఏళ్ళు నలిగింది. చివరికి 1961లో విస్కాన్సిన్ సినడ్ మిస్సోరీతో సహవాసం ఆపేసింది. అంతకాలం ఆగడమే తప్పన్నవాళ్ళు కొందరు 1960లోనే బయటికి వచ్చి చర్చ్ ఆఫ్ ది లూథరన్ కన్ఫెషన్ అనే చిన్న సంస్థగా ఏర్పడ్డారు. తప్పు బోధ తేటగా కనబడగానే తొలగిపోవాలా, లేక బుద్ధి చెప్పడం ఇక వృథా అని తేలాక తొలగిపోవాలా అన్నది వాళ్ళ వాదం. బయటివాళ్ళకి ఇది వెంట్రుకను చీల్చడంలా అనిపిస్తుంది. నాకలా అనిపించదు. వాక్యానికి లోబడాలనుకునేవాడికి “ఎప్పుడు” అన్నది కూడా నిజమైన ప్రశ్నే. పైగా ఏ బోధ విషయంలో విడిపోతున్నారో వాళ్ళు కాగితం మీద రాసి చూపించగలిగారు.

మా దగ్గర అలాంటి కాగితం లేదు. నిజానికి బోధకి సంబంధించిన ప్రశ్న ఒకటి మా మధ్య ఉంది, అదీ బరువైనదే. పసితనంలో మా గుడిలోనే బాప్తిస్మం పొంది, పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే కన్ఫర్మేషన్ కూడా అయిన కుర్రవాళ్ళు కొందరు వేరే చోటికి వెళ్ళి ముంపు బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారాలు మాత్రం ఇక్కడికే వస్తున్నారు. వాళ్ళకి ప్రభు భోజనం ఇవ్వచ్చా? బాప్తిస్మం మనం దేవునికి ఇచ్చే మాట కాదు, దేవుడు మనకి చేసే కార్యం అని లూథరన్ బోధ. రెండోసారి తీసుకోవడమంటే మొదటిసారి దేవుడు చేసింది చెల్లలేదు అనడమే. అది తేలికగా తీసుకునే సంగతి కాదని నా అభిప్రాయం కూడా. అయితే ఆ పిల్లల్ని కూర్చోబెట్టి, బైబిలు తెరిచి చెప్పినవాళ్ళు రెండు వర్గాల్లోనూ ఎవరూ లేరు.

ఆ ప్రశ్నని మా సంఘం ఎలక్షన్‌లో ఎలా వాడుకున్నారో జనరల్ బాడీ మీటింగులో దగ్గరుండి చూశాను. ఆరాధన అప్పుడే అయింది. ప్రభు భోజనం పాత్రలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. వాటి పక్కనే ఓటర్ల లిస్టు పరిచి, చందా రసీదులతో సరిచూస్తున్నారు. ఒక అబ్బాయి పేరు దగ్గర ఎర్ర పెన్ను ఆగింది. “మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడు, బోధ తప్పాడు” అని కొట్టేశారు. వాళ్ళ నాన్న అవతలి వర్గం మనిషి. నాలుగు పేర్ల కింద అదే పని చేసిన ఇంకో అబ్బాయి పేరుంది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే చోట మునిగారని అందరికీ తెలుసు. ఈ అబ్బాయి మేనమామ ఇవతలి వర్గం. పెన్ను ఆగకుండా కిందికి వెళ్ళిపోయింది. స్త్రీల సమాజంలో ఒకావిడ లేచి, “అయ్యా, మరి ఆ బాబుకి లేని దోషం ఈ బాబుకి ఎక్కడినుంచి వచ్చింది?” అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. మీటింగు సాగిపోయింది.

బోధ కోసమే పోట్లాట అయితే రెండు పేర్లూ కొట్టేయాలి, లేదా రెండింటినీ ఉంచి ఇద్దరికీ బోధించాలి. ఒకటి కొట్టేసి ఒకటి ఉంచిన చోట నడుస్తున్నది ఓట్ల లెక్క. దానికి రోమా 16:17 తగిలించడం ఆ వచనానికి అన్యాయం చేయడమే. ఓట్ల తగువుకి పౌలు వేరే చోట వేరే ప్రశ్నలు వేశాడు: “క్రీస్తు విభజింపబడి యున్నాడా? పౌలు మీ కొరకు సిలువ వేయబడెనా?” (1 కొరింథీ 1:13). ఆయన తన పేరునే తీసుకుని అడిగాడు చూడండి. తన వర్గాన్ని కూడా వదల్లేదు. మా కరపత్రాల్లో ఎవరూ తమ నాయకుడి పేరు పెట్టి ఈ ప్రశ్న వేసుకోలేదు.

ఈ తగువుల్లో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది పెర్రీ కౌంటీ కథ. 1838 చివర్లో జర్మనీలోని సాక్సనీ నుంచి సుమారు 700 మంది లూథరన్లు మార్టిన్ స్టీఫన్ అనే పాస్టరు వెంట ఐదు ఓడల్లో అమెరికా బయల్దేరారు. తమ దేశంలో సువార్త బోధ పలచబడిపోయిందని వాళ్ళ బాధ. ఉన్న డబ్బంతా ఉమ్మడి నిధిలో వేశారు. ఓడల్లో ఒకటి, అమాలియా, ఏమైందో తెలియకుండా సముద్రంలోనే పోయింది. 1839 జనవరిలో, ఇంకా ఓడ మీద ఉండగానే స్టీఫన్‌ని బిషప్‌గా చేసుకున్నారు. మిస్సోరీ రాష్ట్రంలో పెర్రీ కౌంటీ చేరి, అడవి కొట్టి, ఇళ్ళు కట్టుకుంటుండగా స్టీఫన్ నడవడి మీద, డబ్బు వాడకం మీద ఆరోపణలు బయటపడ్డాయి. మే నెలాఖరులో పదవి తీసేసి, పడవలో మిసిసిపీ నది దాటించి అవతలి ఒడ్డున దించేశారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఈ మనిషిని నమ్మి ఇల్లూ వాకిలీ, కొందరైతే కుటుంబాల్నీ వదిలి వచ్చాం, మనం అసలు సంఘమేనా? మన పాస్టర్ల పిలుపు చెల్లుతుందా? మన పిల్లల బాప్తిస్మం చెల్లుతుందా? తిరిగి వెళ్ళిపోవాలా? రెండేళ్ళు ఈ ప్రశ్నలు వాళ్ళని పీక్కుతిన్నాయి. 1841 ఏప్రిల్‌లో ఆల్టెన్‌బర్గ్ అనే ఊళ్ళో బహిరంగ చర్చ పెట్టారు. మార్బాఖ్ అనే లాయరు, మన మొదలే పాపంతో కూడినది కాబట్టి మనం సంఘమే కాదన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ పాస్టరు వాల్తర్ జవాబిచ్చాడు. పాపం జరగలేదని ఆయన అనలేదు, స్టీఫన్‌ని వెనకేసుకు రాలేదు. తప్పంతా ఒప్పుకుని, ఆ తర్వాత అన్నది ఇది: సంఘం బిషప్‌లో లేదు, ఏ మనిషిలోనూ లేదు. వాక్యం, సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు భోజనం) ఉన్నచోట విశ్వాసులుంటారు, అదే సంఘం, అది ఇంకా మన మధ్య ఉంది. ఆ మాట నిలిచింది. 1847లో మిస్సోరీ సినడ్ ఏర్పడినప్పుడు వాల్తరే మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ సినడ్ పంపిన మిషనరీ థియడోర్ నేథర్ 1895లో మన పక్కనున్న కృష్ణగిరికి వచ్చాడు.

వాల్తర్ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం ఏడో అధికరణంలో ఉన్నదే. సువార్త శుద్ధంగా బోధించి, సంస్కారాలు సరిగా జరిగే చోట సంఘం ఉంటుంది, ఐక్యతకి అంతమట్టుకు ఒప్పుకుంటే చాలు అంటుంది ఆ అధికరణం. దాని పక్కనే ఎనిమిదోది ఉంది. సంస్కారాలు క్రీస్తు నియమించినవి కాబట్టి, ఇచ్చే సేవకుడు చెడ్డవాడైనా అవి చెల్లుతాయని అందులో ఉంది. మా వీధిలో పెద్దవయసు అమ్మగారు ఒకరు రెండు నెలలుగా ప్రభు భోజనం బల్ల దగ్గరికి రావడం లేదు. అడిగితే, “ఏ అయ్యగారు అసలైనవారో తెలియదమ్మా, తప్పు చేతినుంచి తీసుకుంటే నాకు శాపం కదా” అన్నారు. ఎవరి కరపత్రమో చదివి వినిపించారట. ఎనిమిదో అధికరణం ఆవిడకి తెలుగులో విడమర్చి చెప్పాను. “ఇది రాసుందా?” అని రెండుసార్లు అడిగారు. రాసుందమ్మా, అయిదు వందల ఏళ్ళు కావస్తోంది అన్నాను. నాయకుల కొట్లాట వల్ల ఒక ముసలితల్లి ప్రభువు బల్లకి దూరమైతే, దానికి లెక్క చెప్పవలసింది ఆ ఇద్దరు అధ్యక్షులే. వాళ్ళకిది కోపం తెప్పించినా సరే, రాస్తున్నాను.

ఈ తగువు కోర్టుకెక్కిన సంగతి గురించి ఎక్కువ చెప్పను. “అంతకంటె అన్యాయము సహించుట మేలు కాదా?” అని 1 కొరింథీ 6లో ఉంది. స్టే ఆర్డర్ తెచ్చుకున్న రోజు గుడి ముందు టపాసులు కాల్చినవాళ్ళు ఆ అధ్యాయం ఒకసారి చదువుకోవాలి.

వాట్సాప్ గ్రూపుల గురించి మాత్రం చెప్పి తీరాలి. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి (బోధను ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకం) మా పిల్లలు కన్ఫర్మేషన్‌కి కంఠతా పడతారు. అబద్ధసాక్ష్యం వద్దన్నది మన లెక్కలో ఎనిమిదో ఆజ్ఞ. దాని వివరణలో లూథర్ అబద్ధమాడొద్దని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. పొరుగువాడి పరువు తీయకూడదు, అతని పక్షాన మాట్లాడాలి, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసినదాన్ని వీలైనంత మంచి అర్థంలోనే తీసుకోవాలి అన్నాడు. ఈ వివరణ ఒప్పజెబితే పిల్లలకి మార్కులు వేసిన పెద్దలే, రాత్రి పదకొండింటికి అవతలి అయ్యగారి ఇంటి గొడవలు వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నారు. ఆ పిల్లలు ఆ గ్రూపుల్లో ఉన్నారు, వింటున్నారు.

ఈ ప్రశ్నోత్తరి తెలుగులో 1746లోనే జర్మనీలోని హాలె నగరంలో అచ్చయింది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. దాన్ని తెలుగు చేసిన బెంజమిన్ షుల్జ్ కూడా తమిళ తీరంలోని తరంగంబాడిలో తోటి మిషనరీలతో పొసగకే 1726లో మద్రాసు వచ్చినవాడు. ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య ఉండి మన భాష నేర్చుకున్నాడు. ఆయన తగువు మంచిదని నేననను. తగువు పడినవాళ్ళ చేత కూడా దేవుడు పని చేయించుకుంటాడని మాత్రం అది చూస్తే తెలుస్తుంది. పౌలు, బర్నబా కూడా మార్కును వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్న విషయంలో విడిపోయారు. చివరి రోజుల్లో పౌలే, మార్కును వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి రాశాడు.

రెండు వర్గాల పెద్దలకీ ఒకే ఉత్తరం రాశాను. ఎలక్షన్ తగువు తేల్చడానికి రెండు వైపులా నమ్మే బయటి మనిషిని పెట్టుకోండి, అది తేలేదాకా వర్గం పేరు చెప్పి ఎవరికీ ప్రభు భోజనం గానీ సమాధి ఆరాధన గానీ ఆపకండి, బాప్తిస్మం ప్రశ్నని ఎలక్షన్‌నుంచి విడదీసి వేరే రోజు బైబిలు, ప్రశ్నోత్తరి ముందు పెట్టుకుని చదువుదాం అని అడిగాను. ఒక వర్గం ఆలోచిస్తామంది. రెండో వర్గం నుంచి ఇంకా జవాబు రాలేదు. లిస్టులో పేరు పోయిన అబ్బాయినీ, పేరు ఉన్న అబ్బాయినీ కూడా పిలిచాను. ఇద్దరూ వస్తామన్నారు. రోమా 6వ అధ్యాయంతో మొదలుపెడుతున్నాం, పండుగ మర్నాడు సాయంత్రం ఆరింటికి, మా ఇంట్లో. ఏ వర్గంవారైనా రావచ్చు.