సాగర్ నీళ్లలోకి పాత మోటారు కొంటున్నారా, ముందు కింద భాగం చూడండి

ఎండాకాలం అయిపోయి సాగర్‌లోకి కొత్త నీళ్లు వస్తున్నాయంటే మా వైపు పాత బోటు మోటార్ల బేరాలు మొదలవుతాయి. చందంపేట నుంచి ఒకరు, పెద్దవూర నుంచి ఒకరు ఫోన్ చేసి, "అన్నా, ఎనిమిది హార్స్ పవర్ యమహా ఒకటి ఉంది, పెయింట్ మస్తుగా ఉంది, తీసుకోమంటావా" అని అడుగుతారు. పెయింట్ అంత బాగుందంటేనే నాకు అనుమానం. పాత మోటారుకు కొత్త పెయింట్ ఎందుకు వేశారో ముందు అడగండి.

మన దగ్గర అమ్మకానికొచ్చే వాటిలో నేను చూసినవి చాలావరకు కోస్తాలో సముద్రం మీద తిరిగి వచ్చినవే. అట్లా అని కొనకూడదని కాదు, రోజూ మంచినీళ్లతో కడిగి పెట్టిన మోటారు అయితే బాగానే ఉంటుంది. కడగనిదైతే ఉప్పు లోపలే గట్టిపడి నీటి దారులు మూసుకుపోతాయి. పై మూత తీసి బోల్టుల చుట్టూ తెల్లటి పొడి ఉందేమో చూడండి. స్టార్ట్ చేశాక పక్కనుంచి సన్నటి నీటిధార గట్టిగా చిమ్మాలి. చుక్కలు చుక్కలుగా వస్తుంటే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, అరిగిందన్నా అనుకోవాలి, దారి పూడిందన్నా అనుకోవాలి. ఇంపెల్లర్ అయితే మార్చుకోవచ్చు, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. నీళ్లు లేకుండా నేల మీద పెట్టి "చూడు ఎట్లా మోగుతుందో" అని స్టార్ట్ చేసి చూపించేవాడి దగ్గర మాత్రం వద్దు, ఎండి తిరిగితే ఆ రబ్బరు కాసేపట్లోనే పాడవుతుంది.

అసలు సంగతి గేర్ బాక్సు. మనం వలలోళ్లం, నైలాన్ దారం ప్రొపెల్లర్‌కు చుట్టుకోవడం మనకు కొత్త కాదు, పైకి కనబడే దారం కోసి పారేసి మళ్లీ బయల్దేరతాం. లోపల మిగిలిన దారం షాఫ్ట్ చుట్టూ బిగుసుకుని నూనె సీలును కోస్తుంది, అక్కడి నుంచి నీళ్లు గేర్ బాక్సులోకి పోతాయి, గేర్లు తుప్పు పడతాయి. అందుకే పిన్ను లాగి, నట్టు విప్పి, ప్రొపెల్లర్ బయటికి తీయించి దాని వెనక చూడండి. మా బావ మొన్న చూసినదాంట్లో అక్కడ ఆకుపచ్చ దారం కరిగి షాఫ్ట్‌కు గాజులా అతుక్కుని ఉంది. తర్వాత గేర్ బాక్సు కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు తెల్లటి మూతలోకి పట్టండి. మోటారు రాత్రంతా నిలబెట్టి ఉంటే అడుగుకు దిగిన నీళ్లే ముందు వస్తాయి. పాలు కలిపినట్టు తెల్లగా వస్తే నీళ్లు నూనెతో కలిసి తిరిగాయని లెక్క. ఇనుప రజను మెత్తగా కొంచెం ఉంటే పర్వాలేదు, వేలికి గుచ్చుకునే ముక్కలు ఉంటే లేచి వచ్చేయండి. అమ్మేవాడు ఆ స్క్రూ విప్పనీయకపోతే ఇంకేం చూడక్కర్లేదు.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంటే టీ తాగి, చల్లారాక మీరే తాడు లాగండి. చల్లటి ఇంజిన్ ఎన్ని లాగుళ్లకు అందుకుంటుందో అదే దాని నిజం. ఎనిమిదిలో రెండు సిలిండర్లు ఉంటాయి, మెకానిక్ దగ్గర గేజ్ ఉంటే రెంటిలో కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించండి, దాదాపు సమానంగా ఉండాలి. పది పదిహేను శాతం కంటే ఎక్కువ తేడా ఉంటే నేనైతే తీసుకోను.

షాఫ్ట్ పొడవు మర్చిపోతారు జనం. పొట్టిది 15 అంగుళాలు, పొడుగుది 20. పడవ వెనక చెక్క ఎత్తు కొలుచుకుని వెళ్లండి, మోటారు బిగిస్తే ప్రొపెల్లర్ పైన ఉండే పలక పడవ అడుగుకు సమానంగానో ఒక అంగుళం కిందో రావాలి. వెనక చెక్క పొట్టిగా ఉన్న పడవకు పొడుగు షాఫ్ట్ పెడితే ఇక్కడ మనకు ఇంకో బాధ ఉంది. సాగర్ నిండితే 590 అడుగులు, ఎండాకాలంలో మట్టం దిగిపోతే మునిగిన మొద్దులు, బండలు పైకి తేలుతాయి, పొడుగు కాలు ముందు వాటికే తగులుతుంది. అందుకే మోటారు ఎత్తి దించి చూడండి, ఎత్తినచోట నిలబడే కొక్కెం విరిగి తీగతో కట్టినవి చాలా ఉంటాయి.

ఇద్దరు మనుషులు, వల, ఐసు పెట్టెతో వెళ్లే చిన్న ఫైబర్ బోటుకు ఎనిమిది చాలు. పదిహేను తీసుకుంటే పెట్రోలు తాగుతుంది, చేపల డబ్బులు బంకుకే పోతాయి. టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో కలిపే ఆయిల్ లెక్క అడగండి, 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, లూనా తోలిన వాళ్లకు ఇది కొత్తేం కాదు. ఇప్పుడు బంకు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులకు పడదు. కొన్నాక పైపు, ఫిల్టర్ మార్చేయండి, పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంచకండి.

చివరికి ఏ కంపెనీ అంటే, మీ ఊరికి దగ్గర్లో స్పేర్లు, విప్పడం తెలిసిన మనిషి ఏ కంపెనీకి ఉంటే ఆ కంపెనీ. ఇంజిన్ నంబరు పలక గీకేసి ఉంటే, సగం ధరకు ఇస్తానన్నా వద్దు, కొనేది రాత్రిపూట అసలే వద్దు.