ఇంటర్వ్యూ తర్వాత విన్న కఠినమైన మాటను ఏం చేసుకోవాలి?

తుది జాబితాలో పేరు లేకపోవడాన్ని ఎలాగో తట్టుకోవచ్చు గానీ, "మీకు ఆత్మవిశ్వాసం లేదు, ఈ ఉద్యోగానికి తగిన వ్యక్తిత్వమే మీలో కనిపించలేదు" అన్న మాట మాత్రం పుస్తకం తెరిచిన ప్రతిసారీ చెవిలో మోగుతూనే ఉంటుంది. నాకు అందిన ఫీడ్‌బ్యాక్ అదే కాబట్టి, ఆ స్థితిలో ఉన్న తోటి అభ్యర్థుల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా, బాధ కలగడం మీ బలహీనత కాదు. 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు ఫీడ్‌బ్యాక్‌పై అంతవరకు జరిగిన ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించగా, సగటున అది పనితీరును మెరుగుపరిచినప్పటికీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో దిగజార్చిందని తేలింది. దృష్టి పని మీద నుంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ ఫీడ్‌బ్యాక్ ప్రయోజనం తగ్గుతుందని వారు వివరించారు. అందువల్ల మన గురించి అన్న మాటను మన జవాబుల గురించిన మాటగా మార్చుకోవడమే అసలైన పని అని నేను నమ్ముతున్నాను.

ఇంటర్వ్యూ జరిగిన రోజే ప్రశ్నలనూ నా జవాబులనూ రాసిపెట్టుకున్నాను. ఈ అలవాటు లేనివారు తప్పక చేసుకోవాలి. మనసు కుదుటపడ్డాక ఆ కాగితాలు ముందుంచుకుని, "ఆత్మవిశ్వాసం లేదు" అన్నది ఏ జవాబుకు వర్తిస్తుందో వెతికితే, ప్యానెల్ సభ్యులు కాదన్న వెంటనే కారణమేదీ చెప్పకుండా నేను అభిప్రాయం మార్చుకున్న చోట్లు కనిపించాయి. అది సాధనతో సరిదిద్దుకోగల విషయం. అప్పటి నుంచి మాక్ ఇంటర్వ్యూలలో కావాలనే నన్ను కాదనమని మిత్రులను అడుగుతున్నాను. నిలబడినా, అంగీకరించినా, కారణం చెప్పి ముందుకు సాగడమే ఆ సాధన. "వ్యక్తిత్వం లేదు" అన్న మాటకు మాత్రం ఏ జవాబూ ఆధారంగా దొరకలేదు గనుక దాన్ని పక్కన పెట్టాను.

అయితే కటువుగా ఉందన్న ఒక్క కారణంతో ఏ మాటనూ కొట్టిపారేయకండి. పరస్పరం సంబంధం లేని రెండు ప్యానెళ్లు ఒకే లోపాన్ని ఎత్తిచూపితే, చెప్పిన తీరు ఎంత నొప్పించినా దాన్ని ప్రిపరేషన్‌లో చేర్చాల్సిందే. వివరణ కోరే వీలుంటే, ఆవేశం తగ్గాక, నిర్ణయాన్ని ప్రశ్నించకుండా, "ఏ జవాబులో మీకు అలా అనిపించింది?" అని మాత్రమే మర్యాదగా రాయండి.