లాంగ్ వీకెండ్‌లో అడవికి వెళ్దామనుకునేవాళ్లకి

జనవరి 26 ఏ శుక్రవారమో సోమవారమో పడిందంటే చాలు, బెంగళూరులో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే చర్చ మొదలవుతుంది, ఈసారి రిసార్టు వద్దు, ఎక్కడైనా అడవిలో టెంట్ వేసుకుని పడుకుందాం అని. దసరా సెలవులకూ, క్రిస్మస్‌కూ, పిల్లల వేసవి సెలవులకూ ఇదే మాట. చాలామంది ముందు చోటు ఎంచుకుంటారు, తర్వాత తేదీ, ఆఖర్న రాత్రి పడక సంగతి. సీజన్‌లో ఇది తిరగబడాలని నా గట్టి నమ్మకం. ముందు రాత్రి ఎక్కడ పడుకుంటారో తేలాలి, అదీ రాతపూర్వకంగా, బుకింగ్ నంబరుతో సహా. మిగతావన్నీ దాన్ని బట్టి నడుస్తాయి.

ఎందుకంటే మనకు దగ్గరలో ఉన్న పేరున్న అడవులు, బండీపుర్, నాగరహొళె, కుదురేముఖ్, ఇవన్నీ నేషనల్ పార్కులు. వాటి లోపల మన టెంట్ మనం పాతుకుని పడుకోవడానికి వీల్లేదు. మా బావగారు మొన్న అడిగారు, "అంత పెద్ద అడవిలో ఒక మూల టెంట్ వేసుకుంటే ఎవరికి నష్టం?" అని. అడగాల్సిన ప్రశ్నే. రాత్రిపూట అడవి జంతువులది, నీళ్లకీ మేతకీ అవి తిరిగేది ఎక్కువగా చీకట్లోనే. బండీపుర్ మీదుగా వెళ్లే హైవేల మీద 2009 నుంచి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా మామూలు వాహనాలనే ఆపేస్తున్నారు, బండ్ల కింద పడి జంతువులు చచ్చిపోతున్నాయని. రోడ్డు మీద కారుకే చోటు లేని టైములో, అడవి మధ్యలో వంటా వెలుతురూ పాటలూ పెట్టుకుని కూర్చోవడానికి మనకి చోటు ఎలా ఉంటుంది? ఈ రూల్ విషయంలో నేను పూర్తిగా ఫారెస్టువాళ్ల పక్షమే.

మరి అడవిలో రాత్రి గడపడమెలా అంటే, కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ల క్యాంపులు ఉన్నాయి. కావేరి ఒడ్డున భీమేశ్వరి, గాలిబోరె, బిళిగిరి రంగన కొండల్లో కె.గుడి. గుడ్డ టెంట్లే, కాకపోతే లోపల మంచం, వెనక బాత్రూము ఉంటాయి, ప్యాకేజీలో భోజనం కూడా కలిసి ఉంటుంది. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తెలీదు. కానీ గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, లాంగ్ వీకెండ్ రెండు వారాల్లో ఉందనగా వెతికితే దొరికేది అదృష్టం ఉంటేనే. సెలవుల క్యాలెండర్ రాగానే కూర్చుని బుక్ చేసేయండి. ఒక్క జాగ్రత్త, కావేరి చూడటానికి ప్రశాంతంగా కనిపిస్తుంది గానీ అక్కడ సుడులున్నాయి, మొసళ్లున్నాయి. క్యాంపువాళ్లు చూపించిన చోట తప్ప నీళ్లలోకి దిగొద్దు, ఈత వచ్చినా సరే.

ట్రెక్కింగ్ కావాలనుకునే కుర్రాళ్ల సంగతి వేరు. 2024 రిపబ్లిక్ డే సెలవుల్లో కుక్కె సుబ్రహ్మణ్య దగ్గర కుమారపర్వతం దారిలో జనం ఎలా నిలబడ్డారో ఆ వీడియోలు చూసే ఉంటారు, కొండ ఎక్కడానికి తిరుమల క్యూలా. ఆ దెబ్బకి ఫారెస్టువాళ్లు ఆన్‌లైన్ టికెట్ లేని దారులన్నీ కొన్నాళ్లు ఆపేశారు, తర్వాత అదే ఏడాది అక్టోబరులో అరణ్య విహార అనే బుకింగ్ సైటు తెచ్చి, ఒక్కో దారిలో రోజుకు 300 మందికి మించకూడదని పెట్టారు. ఇప్పుడు ఆ సైటులో టికెట్ లేకుండా వీకెండ్ రాత్రి బస్సెక్కితే గేటు దగ్గర నుంచి వెనక్కి రావడమే. పేరు ఎవరిదైతే మనిషి వాళ్లే ఉండాలి, ఐడీ కార్డు చేతిలో ఉండాలి. కుమారపర్వతం మీద కూడా రాత్రి టెంట్ వేయనివ్వరు, "శిఖరం మీద స్టార్‌గేజింగ్ క్యాంప్" అని ఎవరైనా ప్రకటన పెడితే డబ్బు కట్టే ముందు పర్మిషన్ కాగితం చూపించమనండి.

తేదీ విషయానికొస్తే, వీలున్నవాళ్లు మంగళ, బుధవారాలు సెలవు పెట్టండి. ఆఫీసులో శుక్రవారం సెలవుకి అందరూ పోటీ పడతారు, మంగళవారం ఎవరికీ అక్కర్లేదు. అడవి మాత్రం ఆ రోజు వేరేగా ఉంటుంది, పక్షుల అరుపులు వినపడతాయి. స్కూలు పిల్లలున్నవాళ్లకి ఈ వెసులుబాటు ఉండదు, వాళ్లు కనీసం సెలవుల మొదటి శని, ఆదివారాలు తప్పిస్తే చాలు, రద్దీ సగం తగ్గినట్టు అనిపిస్తుంది. ఇంకో సంగతి, ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా కార్చిచ్చు భయంతో ట్రెక్ దారులు చాలా మూసేస్తారు. అనుకోకుండా మూతపడటాలూ ఉన్నాయి. 2025 నవంబరులో పులుల దాడుల్లో మనుషులు చనిపోయాక బండీపుర్, నాగరహొళెల్లో సఫారీలు ఆపేశారు. అందుకే రెండో చోటు ఒకటి ముందే అనుకుని ఉంచుకోవాలి.

ఆ రెండో చోటు మన ఆంధ్రవైపే ఎందుకు ఉండకూడదు? బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లు కూడా దీన్ని మర్చిపోతుంటారు. నిజంగా టెంట్‌లో, నేల మీద పడుకోవాలనే సరదా ఉంటే గండికోట వెళ్లండి. ఇక్కడి నుంచి దాదాపు 280 కిలోమీటర్లు, జమ్మలమడుగుకి పదిహేను కిలోమీటర్ల దూరం. పెన్నా లోయ దగ్గర టెంట్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, టెంట్ వద్దనుకుంటే టూరిజం వాళ్ల హరిత హోటలుంది. తెల్లవారుజామున లేచి కోట లోపల రంగనాథస్వామి గుడి, జామియా మసీదు దాటుకుని అంచు దాకా నడిస్తే, ఎర్రబండల మధ్య పెన్న, ఇంత అందం మన రాయలసీమలో ఉందా అని నాకు ప్రతిసారీ గుండె నిండిపోతుంది. కానీ లోయ అంచున కంచె లేదు. చిన్నపిల్లలుంటే టెంట్ అంచుకి దూరంగా వేయించుకోండి, చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా కదలనివ్వకండి. ఫోటో కోసం రాతి కొసన నిలబడేవాళ్లని చూస్తే నాకు కోపం కాదు, భయం వేస్తుంది. ఎండాకాలం మాత్రం వద్దు, కడప ఎండకి ఆ బండలు రాత్రి కూడా చల్లారవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, సంక్రాంతి రోజులు వదిలేసి.

అంత దూరం వద్దంటే మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్, మనవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అనేది. నూట యాభై కిలోమీటర్లలోపే. ఎత్తు పన్నెండు వందల మీటర్ల పైమాటే కాబట్టి డిసెంబరులో రాత్రి చలి గట్టిగానే ఉంటుంది.

దారి గురించి. మైసూరు వైపు బైకుల మీద వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, 2023 ఆగస్టు నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు, సర్వీసు రోడ్డే. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మారతహళ్లిలో బయల్దేరడమంటే రాత్రి సగం సిటీలోనే అయిపోతుంది, అదే శనివారం తెల్లవారి నాలుగింటికి బయల్దేరితే బిడదిలో తట్టె ఇడ్లీ వేడివేడిగా తినొచ్చు. బండీపుర్ దాటి మసినగుడి, ఊటీ వైపు వెళ్తే తమిళనాడు ఈ-పాస్ ఉండాలి, వేసవిలో రోజుకి ఇన్ని వాహనాలనే లెక్క కూడా ఉంది, 2025లో మామూలు రోజుల్లో 6000, వీకెండ్లలో 8000.

తిండి తేలిగ్గా పెట్టుకోండి. పులిహోర, చపాతీలు, కారప్పొడి, మొదటి రాత్రికి ఇవి చాలు, అక్కడికెళ్లి పొయ్యి రాజేయాల్సిన పని ఉండదు. చలిమంట క్యాంపువాళ్లు ఒప్పుకున్న చోటే, పడుకునే ముందు నీళ్లు పోసి బూడిద కెలికి చూసి మరీ పడుకోండి, ఎండుటాకుల మీదికి ఒక్క నిప్పురవ్వ చాలు. బ్లూటూత్ స్పీకరు ఇంట్లో వదిలేయండి. చెత్తకి రెండు గట్టి సంచులు పెట్టుకుని, చిప్స్ కవర్లూ వాటర్ బాటిళ్లూ అన్నీ వెనక్కి తెచ్చేయండి, మిగిలిన అన్నం కోతులకి పెట్టడం కూడా వద్దు, ఆ అలవాటు తర్వాత వచ్చేవాళ్ల మీదకీ ఆ కోతుల ప్రాణం మీదకీ వస్తుంది.

తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందే మొదలుపెట్టండి, లేదంటే సోమవారం సెలవు పెట్టి తాపీగా రండి. ఆదివారం సాయంత్రం కెంగేరి దగ్గర ఇరుక్కుంటే పిల్లలు ఏడుస్తారు, డ్రైవ్ చేసేవాళ్లకి అలసట, ఆ రెండు గంటలు ఏ ట్రిప్పుకీ మంచిది కాదు.