స్లీప్ నుంచి లేవని కంప్యూటర్: రిస్టోర్ చిట్టా

ఇంట్లో అందరం వాడుకునే డెస్క్‌టాప్ ఇది. విండోస్ 11, 8 జీబీ ర్యామ్. సిస్టమ్ 240 జీబీ ఎస్ఎస్‌డీ మీద ఉంది, ఫోటోలూ పాటలూ వేరే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ర్యామ్ మార్చినప్పుడు, ఫ్యాన్ దుమ్ము దులిపినప్పుడు రాసుకున్న నోటుపుస్తకంలోనే ఇదీ రాస్తున్నాను.

శనివారం రాత్రి

స్లీప్‌లో పెట్టి గంట తర్వాత కీబోర్డు తడితే ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. కొన్ని నిమిషాలకు బ్లూ స్క్రీన్ వచ్చింది. కింద రాసి ఉన్నది ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’. కోడ్ 9ఎఫ్. నిద్రపొమ్మనో లేవమనో విండోస్ చెప్పినప్పుడు ఏదో ఒక డ్రైవర్ (సౌండ్, నెట్‌వర్క్ లాంటి భాగాలను విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్) బదులివ్వకుండా కూర్చుందని దాని అర్థం. ఏ డ్రైవరో మాత్రం తెర మీద లేదు.

షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేశాను. తేడా లేదు. ఇక్కడ నేను తరచూ మర్చిపోయే సంగతి ఒకటుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అసలైన షట్‌డౌన్ కాదు. విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే అదే మళ్లీ ఎత్తుకుంటుంది. మొత్తం కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి. కొట్టాను. రెండుసార్లు స్లీప్‌లో పెట్టినా బాగానే లేచింది, మూడోసారి మళ్లీ అదే నల్ల తెర.

సిస్టమ్ ఫైళ్లేమైనా చెడ్డాయేమోనని ఎస్ఎఫ్‌సీ స్కాన్ నడిపాను. ఏమీ దొరకలేదు.

పడుకునే ముందు రెండు పనులు చేశాను. డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మూడూ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. రేపు వాడబోయేది సిస్టమ్ రిస్టోర్, విండోస్‌నీ డ్రైవర్లనీ ప్రోగ్రాములనీ వెనకటి తేదీ స్థితికి తీసుకెళ్లే సాధనం. అది మన ఫోటోల జోలికి, రాసుకున్న కాగితాల జోలికి పోదు, నిజమే. కానీ డెస్క్‌టాప్ మీద పడేసి ఉంచిన ఇన్‌స్టాలర్లు, స్క్రిప్టుల్లాంటివి దాని కంటికి ప్రోగ్రామ్ ఫైళ్లే, వాటిని తీసేయవచ్చు. రెండో పని, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ. 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి ఈ పుస్తకంలోనే చివరి పేజీలో రాసుకున్నాను. కంప్యూటర్ మొరాయించాక దాని కీ కోసం అదే కంప్యూటర్‌లో వెతుక్కోవడం కుదరదు కదా.

ఆదివారం ఉదయం

రన్ పెట్టెలో ఆర్, ఎస్, టి, ఆర్, యు, ఐ అని కలిపి కొడితే సిస్టమ్ రిస్టోర్ నేరుగా తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో తవ్వుకుంటూ పోనక్కర్లేదు. రెండే రిస్టోర్ పాయింట్లు కనిపించాయి, అంటే విండోస్ తన స్థితిని దాచుకున్న తేదీలు. ఒకటి గురువారం విండోస్ అప్‌డేట్ వచ్చినప్పటిది, ఇంకోటి మంగళవారం సాయంత్రం ఏదో ఇన్‌స్టాల్ చేసినప్పటిది. అంతకన్నా పాతవి లేవు. గొడవ నేను చూసింది శనివారం కాబట్టి గురువారం దాన్ని ఎంచుకున్నాను.

ఇరవై నిమిషాలు తిరిగి, రీస్టార్ట్ అయ్యాక ‘రిస్టోర్ పూర్తి కాలేదు’ అంది. ఎర్రర్ చివరి అంకెలు 80070005. అంటే అనుమతి లేదని. చాలాసార్లు ఇది యాంటీవైరస్ పని. తన ఫైళ్లను ఎవరూ ముట్టకుండా కాపలా కాస్తుంది, చివరికి రిస్టోర్‌ని కూడా. విండోస్ నడవకుండా బయటినుంచి చేస్తే ఆ కాపలా ఉండదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే నీలి తెర మీద మెనూ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రిస్టోర్. (విండోస్ అసలు తెరుచుకోకపోతే, లోడ్ అవుతుండగా పవర్ బటన్‌తో రెండు మూడుసార్లు ఆపేస్తే ఈ మెనూ దానంతటదే వస్తుంది.) రాత్రి రాసుకున్న 48 అంకెలు ఇక్కడ అడిగింది.

ఒక తేడా ఉంది. విండోస్ లోపలినుంచి చేసిన రిస్టోర్ నచ్చకపోతే ‘అన్‌డూ’ చేయవచ్చు. ఈ మెనూనుంచో, అతి తక్కువ డ్రైవర్లతో నడిచే సేఫ్ మోడ్‌నుంచో చేస్తే ఆ సౌకర్యం లేదు.

25 నిమిషాలు పట్టింది. అందులో పది నిమిషాలు ‘రిజిస్ట్రీని రిస్టోర్ చేస్తున్నాం’ దగ్గరే ఆగింది (రిజిస్ట్రీ అంటే విండోస్ సెట్టింగులు ఉండే చోటు). చెయ్యి పవర్ బటన్ మీదికి పోతూనే ఉంది, టెన్షన్ మామూలుగా లేదు. మధ్యలో ఆపితే సగం పాత, సగం కొత్త రిజిస్ట్రీతో అసలే తెరుచుకోకపోవచ్చు. లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయాను.

ఈసారి ‘విజయవంతం’ అంది. స్లీప్‌లో పెట్టాను. రెండోసారికే నల్ల తెర.

ఆదివారం సాయంత్రం

నిన్ననే చేయాల్సిన పని ఇప్పుడు చేశాను. ఇంట్లో అందరినీ అడిగాను. అక్క తాపీగా చెప్పింది: “బుధవారం నుంచే అలా చేస్తోంది కదరా. బటన్ నొక్కి ఆపేసి మళ్లీ పెట్టుకుంటున్నా. నీకు తెలుసనుకున్నా.”

అంటే నేను ఎంచుకున్న గురువారం పాయింట్ అప్పటికే జబ్బుపడ్డ స్థితి. జబ్బు మనిషిని నిన్నటి జబ్బు మనిషిగా మార్చానంతే.

స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతికితే రిలయబిలిటీ మానిటర్ వస్తుంది. రోజుకో గడితో చిన్న గ్రాఫ్, 1 నుంచి 10 దాకా అంకె. చెడిన రోజున ఎర్ర గుర్తు పడుతుంది. ఏ రోజు ఏ డ్రైవర్, ఏ ప్రోగ్రామ్ ఎక్కిందో కింద ఉంటుంది. ఇంత పనికొచ్చేదాన్ని ఇంత మూలన ఎందుకు పెట్టారో! సోమవారం దాకా గీత పైనే ఉంది. మంగళవారం సాయంత్రం వరుసగా డ్రైవర్లు ఎక్కాయి. బుధవారం మొదటి ఎర్ర గుర్తు.

మంగళవారం ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. డ్రైవర్లను అప్‌డేట్ చేస్తానన్న ఒక ఉచిత టూల్ ఎక్కించాను. ‘14 డ్రైవర్లు పాతబడ్డాయి’ అని ఎర్ర అక్షరాల్లో చూపించింది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, అన్నీ అప్‌డేట్ చెయ్యి అని నొక్కేశాను. పాతబడితే ఏం, అన్నీ బాగానే పనిచేస్తున్నాయిగా!

దాని పుణ్యం ఒకటే. పని మొదలుపెట్టే ముందు రిస్టోర్ పాయింట్ పెట్టింది. జాబితాలో మంగళవారం సాయంత్రానిది అదే.

వెంటనే రిస్టోర్ కొట్టలేదు. పాయింట్‌ని ఎంచుకుని పక్కనున్న ‘స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్’ నొక్కితే, అక్కడికి వెళ్తే ఏ ప్రోగ్రాములు, డ్రైవర్లు పోతాయో జాబితా ఇస్తుంది. చూసి క్యాన్సిల్ కొట్టవచ్చు, ఏ నష్టమూ లేదు. గురువారం పాయింట్‌కి ఒక స్కాన్, మంగళవారానికి ఒక స్కాన్ చేసి పక్కపక్కన పెట్టాను. మంగళవారం జాబితాలో మాత్రమే ఉన్నవి: ఆ టూల్, సౌండ్ డ్రైవర్, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్, ఇంకా కొన్ని చిల్లరవి. నా అనుమానం సౌండ్, నెట్‌వర్క్‌ల మీదే. డివైస్ మేనేజర్‌లో ఆ రెండింటి వెర్షన్ నంబర్లు రాసుకున్నాను. రిస్టోర్ అయ్యాక ఆ నంబర్లు చూద్దామన్నా ఉండవు, దొంగతో పాటు వేలిముద్రలూ పోతాయి.

సోమవారం

మళ్లీ అదే నీలి మెనూ. మంగళవారం పాయింట్. 22 నిమిషాలు.

పరీక్ష ఇలా పెట్టుకున్నాను: రెండు నిమిషాల స్లీప్ ఐదుసార్లు, గంటకు పైగా స్లీప్ ఐదుసార్లు. పొట్టివన్నీ సోమవారమే అయ్యాయి. పొడుగువి బుధవారం దాకా పట్టాయి. పదికి పది లేచింది.

పోయినవి: బుధవారం అక్క ఎక్కించుకున్న పీడీఎఫ్ ప్రోగ్రామ్, గురువారం వచ్చిన విండోస్ అప్‌డేట్. ఫైళ్లు ఒక్కటీ పోలేదు. అప్‌డేట్‌ని వారంపాటు పాజ్ చేసి, పరీక్ష ముగిశాక రానిచ్చాను. రెండూ కలిసి జరిగితే మళ్లీ ఏది ఎందుకో తెలియదు. మధ్యలో లోకల్ పాస్‌వర్డ్ మార్చి ఉంటే, రిస్టోర్ తర్వాత పాతది అడిగే అవకాశం ఉంది. మా ఇంట్లో ఎవరూ మార్చలేదు.

తర్వాతి శనివారం

బాగైంది కదా వదిలెయ్ అంది అక్క. నాకేమో అది ఏ డ్రైవరో తెలియాలి.

రిస్టోర్ పాయింట్లను చూసుకునే సిస్టమ్ ప్రొటెక్షన్‌లో క్రియేట్ నొక్కి కొత్త పాయింట్ పెట్టాను. పేరు తెలుగులోనే ‘ప్రయోగానికి ముందు’ అని ఇచ్చాను, చక్కగా తీసుకుంది. తర్వాత రాసుకున్న వెర్షన్‌నే తయారీదారు సైట్‌నుంచి దించి మొదట సౌండ్ డ్రైవర్ ఒక్కటే ఎక్కించాను. పది స్లీప్‌లు. ఏమీ కాలేదు. నాకు ఎక్కువ అనుమానం దాని మీదే, అది నిర్దోషి!

ఆదివారం నెట్‌వర్క్ డ్రైవర్ ఎక్కించాను. నాలుగో స్లీప్‌కి నల్ల తెర, అదే 9ఎఫ్. ఈసారి రిస్టోర్ అవసరం రాలేదు. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. పాత వెర్షన్ తిరిగొచ్చింది. అర నిమిషం పని. దోషి ఎవరో ముందే తెలిసి ఉంటే ఆ మొదటి ఆదివారమంతా ఈ అర నిమిషంతో పోయేది.

మిగిలిన పనులు

పాత పాయింట్లు ఎందుకు లేవో తేలింది. సిస్టమ్ ప్రొటెక్షన్‌కి కేటాయించిన చోటు 2 శాతమే. డబ్బా మీద 240 అని ఉన్నా విండోస్ చూపేది 223 జీబీ. అందులో 2 శాతమంటే నాలుగున్నర జీబీ. అది నిండగానే పాతవి చెరిగిపోతాయి. 5 శాతానికి జరిపాను, 11 జీబీ. కొత్తగా విండోస్ వేసిన మెషీన్లలో చాలాసార్లు ఈ ప్రొటెక్షన్ అసలు ఆఫ్‌లోనే ఉంటుంది, మీది ఒకసారి చూసుకోండి.

వారానికో పాయింట్ దానంతటదే పడేలా టాస్క్ షెడ్యూలర్‌లో పవర్‌షెల్ ఆదేశం పెట్టాను. పరీక్షిద్దామని రెండుసార్లు నడిపితే రెండోది పడలేదు. మామూలుగా ఆ ఆదేశం 24 గంటల్లో ఒకటే పెట్టనిస్తుంది. చేత్తో క్రియేట్ నొక్కితే ఆ అడ్డు లేదు.

ఈ పాయింట్లన్నీ ఉండేది అదే ఎస్ఎస్‌డీలో. అది పోతే ఇవీ పోతాయి. అందుకే 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో రికవరీ డ్రైవ్ చేశాను, విండోస్ తెరుచుకోకపోతే కంప్యూటర్‌ని దానితో మొదలుపెట్టడానికి. అందులో ముందున్నదంతా చెరిగిపోతుంది, ఖాళీది వాడండి. ఫైళ్ల కాపీ నెలకోసారి బయటి డిస్క్‌లోకి.

ఇవాళ్టికి 31 స్లీప్‌లు, రోల్ బ్యాక్ తర్వాత ఒక్క నల్ల తెరా లేదు. నెట్‌వర్క్ డ్రైవర్ పాతదే. అక్క పీడీఎఫ్ ప్రోగ్రామ్ ఇంకా ఎక్కించలేదు, రేపు.