వేట లేని 61 రోజులు

ఇండిపెండెంట్ సినిమా తీస్తున్నానంటే వైజాగ్‌లో ఎవరైనా మొదట అడిగేది "కంచరపాలెం సినిమా లాంటిదా?" అని. రెండోది "బీచ్ ఉంటుందా?" అని. మొదటిదానికి నవ్వి ఊరుకుంటాను. 2018లో ఆ సినిమా అక్కడి మనుషులతోనే తీసి చూపించాక, మాలాంటివాళ్ళకి ఇంట్లో చెప్పుకోవడానికి ఒక ఉదాహరణ అయినా దొరికింది మరి. రెండోదే చిక్కు. బీచ్ మీద నాకెప్పుడూ కథ రాలేదు. ఆర్కే బీచ్, రుషికొండ, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, అన్నీ అందంగానే ఉంటాయి, అక్కడ కూర్చుంటే పాట ఊహకొస్తుంది గానీ మనిషి రాడు. (బయటి నుంచి వచ్చే స్క్రిప్టుల్లో "సముద్రంలో సూర్యాస్తమయం, హీరో ఒంటరిగా" అని ఉంటుంది చూడండి, అది చదివితే నవ్వొస్తుంది. మాది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేచి సాయంత్రానికి కొండల వెనక్కి పోతాడు.)

నాకు కథ దొరికింది ఫిషింగ్ హార్బర్‌లో, అదీ పని లేని రోజుల్లో. మామూలప్పుడు తెల్లారగట్ల అక్కడ వేలంపాట నడుస్తుంటే ఎవరూ మనతో మాట్లాడరు, అడ్డంగా నిలబడితే తిడతారు, తిట్టాలి కూడా. కానీ ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని మర పడవల వేట ఆపేస్తారు. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి. కలాసీలు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, చేతులకే పని, నోటికి లేదు. నేను వెళ్ళింది ఊరికే సౌండ్ రికార్డ్ చేసుకుందామని. ఒకాయన వల కుడుతూనే, "మా ఇంటిది నా మొకం సరిగ్గా సూసేది ఈ రెండు నెల్లే బాబూ, గొడవలూ అప్పుడే" అన్నాడు.

అంతే, అక్కడితో నేను అప్పటిదాకా రాసుకున్న ప్రేమకథ ఆగిపోయింది. పెద్ద బోటు ఎక్కితే పది పదిహేను రోజులు సముద్రం మీదే, ఒడ్డుకొచ్చి రెండు రోజులుంటే మళ్ళీ వేట. పెళ్ళయి ఇరవై ఏళ్ళయిన మొగుడూ పెళ్ళాం వరసగా ఒకే ఇంట్లో ఉండేది ఏడాదికి 61 రోజులే అయితే ఆ ఇల్లు ఎలా ఉంటుంది? ఆయన ఖాళీ. ఆవిడకి మాత్రం సెలవు లేదు, పొద్దున్నే గంప ఎత్తాల్సిందే. ఆ రోజుల్లో సముద్రం చేప దొరకడం కష్టం కాబట్టి ఎండుచేపలో, భీమవరం వైపు నుంచి వచ్చే చెరువు చేపలో అమ్మాలి, కొనేవాళ్ళేమో "ఇదేం చేపమ్మా" అని ముఖం చిట్లిస్తారు. ఇంటికొస్తే మొగుడు కూడా అదే మాట అంటాడు. ఈ ఒక్క సీన్ చుట్టూనే మిగతా సినిమా అంతా అల్లుకున్నాను.

తమాషా ఏంటంటే, ఎలా తీయాలో కూడా హార్బరే చెప్పింది. వేట లేనప్పుడే బోట్లకి రిపేర్లు, రంగులు. ఏప్రిల్‌లో తుప్పు పట్టి, పెచ్చులూడి ఉన్న బోటు జూన్ నాటికి నీలంగా మెరిసిపోతుంది. మామూలు సినిమాలో లాగా ముందు సీన్ తర్వాత, తర్వాత సీన్ ముందు తీస్తే కంటిన్యుటీ గోవిందా. అందుకే కథ ఏ వరసలో జరుగుతుందో అదే వరసలో తీద్దామనుకుంటున్నాం. పెద్ద యూనిట్‌కి అది కుదరని పని, రోజూ లొకేషన్లు మార్చలేక ప్రొడ్యూసర్ ఏడుస్తాడు. మా యూనిట్ మొత్తం ఒక ఆటోలో పడుతుంది, మాకేం నష్టం? రోజులు గడిచాయని చెప్పడానికి తెర మీద తేదీలు వేయక్కర్లేదు, వెనకాల బోటు రంగు చూస్తే చాలు. బడ్జెట్ లేకపోవడం గురించి అందరూ ఏడుస్తూనే రాస్తారు గానీ, డబ్బుంటే నేను సెట్ వేయించేవాణ్ణి, ఈ ఆలోచన వచ్చేది కాదు.

భార్య పాత్రకి పెద జాలారిపేటలో చేపలమ్మే ఒక అక్కని అడిగాను. రెండు పేజీల డైలాగులు చదివి వినిపిస్తే చివరిదాకా ఓపిగ్గా విని, "సీను ఏటో సెప్పు సాలు, మాటలు నాను సూసుకుంటాను" అంది. నా డైలాగుల మీద నాకు కొంచెం గర్వం ఉండేది లెండి. ఇప్పుడు ఆవిడ సీన్లలో ఎవరు ఎందుకు కోపంగా ఉన్నారో మాత్రమే రాస్తున్నాను. ఏప్రిల్‌లోగా తెమలాల్సింది ఇంకా చాలా ఉంది, ముందు సముద్రపు గాలిలో మైకుని ఓపిగ్గా కాపాడుకునే సౌండ్ మనిషి దొరకాలి. మీకెవరైనా తెలిస్తే చెప్పండి, డబ్బులు తక్కువే, చేపల పులుసు మాత్రం గ్యారంటీ.